సెలవులొచ్చినయ్, సర్దుడు మొదలు

చలికాలం రగ్గులు ఇంకా మంచం మీదనే ఉన్నయా? ఉతికి మంచి ఎండల ఆరెయ్యుర్రి. కానీ వేడి మీద మడతపెట్టకుర్రి, పూర్తిగా చల్లారినంకనే ట్రంకు పెట్టెలకు. బియ్యం డబ్బాల వేపాకు వేస్తే ఎండినదే వెయ్యాలె, పచ్చిదైతే బూజు పడ్తది. అల్మారా జోలికి నేనైతే పోను, అది వానకాలం సంగతి.

ఇగ యాడికన్న పోదామని పిల్లల గోల. 2023ల మేడ్చల్ దాకా ఎంఎంటీఎస్ రైలు పడ్డంక మా గౌడవెల్లి నుంచి సికింద్రాబాద్ దిక్కు పోవుడు అల్కగైంది. కానీ ఈ ఎండలకు సిటీ ఎందుకు? పొద్దుగాల్నే షామీర్‌పేట చెరువు, లేకుంటే కండ్లకోయ ఆక్సిజన్ పార్కు. ఎండ ముదరకముందే ఇల్లు చేరాలె.

సద్దికి సర్వపిండి, పులిహోర బేఫికర్. పెరుగన్నమే పులుస్తది. అందుకే అన్నం మెత్తగ మెదిపి, గోరువెచ్చని పాలు ఎక్కువ పోసి, ఒక్క చెంచా పెరుగు కలిపి పెట్టుర్రి. తినే యాళ్లకు కమ్మగ తోడుకుంటది. ఉప్పు అప్పుడే వేసుకోవాలె.

తొవ్వల ముంజలు కనబడితే లేతయి చూసి తీసుకోర్రి. ముదిరినయి మా పిల్లలైతే ముట్టరు.