సరళవనమున నొక అగ్గిపుల్ల

పుస్తకములలో జదివిన చెట్టును కన్నులార జూచుట యొకవిధమైన తీర్థయాత్ర. కాళిదాసు పేర్కొనిన సరళవృక్షమును గూర్చి బాలురకు బోధించుచు మేము ఇరువది సంవత్సరములు గడపితిమి. గాని 2025 మే నెల వఱకు దాని నీడన నిలిచి యెఱుగము. ఆ నెలలో మిత్రులతోగూడి కుమావూ సీమయందు, అల్మోడా పట్టణమునకు సమీపముననున్న బిన్సర్ అభయారణ్యమునకు బోయితిమి. అది 1988లో నేర్పడినది.

క్రిందివాలులయందు సరళవృక్షములు మెండు. సూదులవంటి ఆకులు మూడేసి యొక్కొక్క కుచ్చుగా నుండును. వాని నడుమ గాలి వీచునప్పుడు దూరమున సముద్రము ఘోషించినట్లుండును. పైకి బోయినకొలది సరళములు పలుచబడి, బాంజ్ అను ఓకు జాతి చెట్లు దట్టమగును. శిఖరమునకు బోవు కాలిబాటలో, కుక్కవలె మొఱుగు కాకర్ అను చిన్న లేడి మమ్ము జూచి యొక్కగంతున మాయమయ్యెను. కలీజ్ అను అడవికోళ్లు రాలుటాకులను గీకుచుండెను. మార్గదర్శి చిఱుతపులి యడుగుజాడ చూపెను. జాడతోడనే మేము తృప్తిపడితిమి. శిఖరమునుండి నందాదేవియు త్రిశూలమును గనబడవలెను గాని, నాడు ధూళియు పొగయు వానిని మ్రింగివైచినవి.

మఱునాడు క్రింది గ్రామమునకు దిగుచు, అలసి యొక బండపై గూర్చుంటిమి. అడవిలో నిప్పు తగదని ద్వారముకడ పలకపై వ్రాసియుండుట మేము చదివియే వచ్చితిమి. అయినను మిత్రులకు కాళిదాసును వివరించు నుత్సాహమున చుట్ట వెలిగించి, అగ్గిపుల్లను వెనుకకు విసరితిమి. అంతలో వీపున ఎండుటాకుల మోపుతో వచ్చుచున్న యొక గ్రామస్త్రీ మోపు పడవైచి, పరుగున వచ్చి, చెప్పుకాలితో నేలను నలిపెను. అప్పటికే జానెడు మేర పొగ లేచుచుండెను.

“బాబూజీ, ఇది సల్లా ఆకు. నేయి పోసినట్లు అంటుకొనును. నిరుడు ఈ కొండమీదనే నలుగురు కాలిపోయిరి” అని హిందీలో ననెను. పిదప కాలిన పుల్లను వెదకి తీసి మా చేతిలో బెట్టెను.

ఆమె చెప్పినది నిజము. 2024 జూన్ 13వ తేదీన ఈ యరణ్యమున మంటల నార్పబోయిన అటవీశాఖ వారిలో నలుగురు నాడే ప్రాణములు గోలుపోయిరి. వారిలో దినకూలి కూడ గలడు. వేసవిలో రాలు సరళపుటాకులు నేలపై మందముగా బఱచికొనును. వానిలోని జిగురు మంటను బెంచును. దళసరి బెరడుగల పెద్ద సరళము ఆ మంటను చాలవఱకు దట్టుకొనును. లేత ఓకు మొక్కలు మాడిపోవును. కావున ప్రతి కార్చిచ్చును సరళమునకు చోటిచ్చి, నేల తేమను నిలుపు ఓకును వెనుకకు నెట్టుచుండును.

సల్లా! ఆమె నోట విన్న యా మాట మన సరళమే. మేఘసందేశమున యక్షుడు మేఘునితో జెప్పినదేమి? సరళపు గొమ్మలు రాసికొని పుట్టిన దావాగ్ని హిమాద్రిని బాధించినచో, ధారలు గురిసి చల్లార్చుమనియే గదా! ఆ శ్లోకమునకు ప్రతిపదార్థము జెప్పితిమి, అలంకారము జెప్పితిమి. సరళము మండునని మాత్రము మేము నేర్చుకొనలేదు. శ్లోకము చదువని యామె యెఱిగియుండెను.

అడవులను గాపాడుటయనగా గ్రామస్థులను దూరముంచుటయేయని తలంచు విద్యావంతులు మనలో గలరు. దొరతనమువారు కుమావూ అడవులను వశపఱచుకొని జనుల హక్కులను గుదించిన పిదప, 1921లో నా జనులే యడవులకు నిప్పుపెట్టిరి. తమదికాని యడవిని ఎవరు గాచెదరు? ఆమె మోపులోని యాకులు పశువుల క్రింద పఱచుటకు. ఆ మోపు ఇల్లు చేరినంత మేర కొండపై మంటకు మేత తగ్గును. ఆ చాకిరికి మనము సంరక్షణయను పేరైన బెట్టలేదు.

చుట్ట పూర్తిగా మానితిమని చెప్పజాలము, అడవిలో మానితిమి. ఆ కాలిన పుల్ల మా మేఘసందేశపు బ్రతిలో, ఆ శ్లోకమున్న పుటయందున్నది. ఈ యేడు పాఠము జెప్పునప్పుడు బాలురు అదేమని యడిగిరి. దాచక చెప్పితిమి.