నక్కవాగు డైరీ, 2025

జూలై 6, ఆదివారం. పాశమైలారం

సిగాచి ఫ్యాక్టరీ పేలి ఆరు రోజులైంది. గేటు దగ్గర ఇంకా జనం ఉన్నారు. తమవాళ్లను వెతుక్కుంటూ ఒడిశా నుంచి, బీహార్ నుంచి రైలెక్కి వచ్చినవాళ్లు. ఒకాయన చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో తమ్ముడి ఆధార్ జిరాక్సు, పాస్‌పోర్టు సైజు ఫొటో. పోలీసు కనిపించినా, విలేకరి కనిపించినా అదే కవరు తీసి చూపిస్తున్నాడు. డీఎన్‌ఏ పరీక్షకు రక్తం ఇచ్చాడట. ఫలితం ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్లు లేరు.

ఇక్కడ పనిచేసే వలస కార్మికులు ఇస్నాపూర్ వైపు రేకుల గదుల్లో ఉంటారు. గదికి ఐదారుగురు. ఒకరు డ్యూటీకి పోతే అదే చాప మీద ఇంకొకరు పడుకుంటారు. మాస్టర్ ప్లాన్‌లో ఇళ్లకు పసుపు రంగు, పరిశ్రమకు ఊదా రంగు. ఊదా రంగులో పనిచేసే మనిషి ఎక్కడ పడుకోవాలో మాత్రం ఆ కాగితం మీద లేదు. అందుకే అతను ఫ్యాక్టరీ గోడకు ఎంత దగ్గరగా గది దొరికితే అక్కడ దిగుతున్నాడు.

జూలై 19. బొల్లారం

రాత్రి పదకొండు దాటాక ఫ్యాక్టరీల వాసన మొదలైంది. వాన పడే రాత్రుల్లోనే ఎక్కువంటారు ఇక్కడివాళ్లు. కిటికీలు మూసుకుని పడుకున్నాం.

ఆగస్టు 10. నక్కవాగు వంతెన

వాన తెరిపిచ్చింది. వాగు నిండుగా పారుతోంది. ఒడ్డున రాళ్లకు గోధుమరంగు జిడ్డు పట్టి ఉంది, వాన కడిగినా పోలేదు. బర్లను తోలుకుపోతున్న పెద్దాయన ఆగాడు. “మా నాయిన కాలంల ఈ నీళ్లు దోసిట్ల పట్టుకొని తాగేటోళ్లు బిడ్డా. ఇప్పుడు బర్లు గూడ మూతి పెడ్తలేవు” అన్నాడు. తోలుకుంటూ పోయాడు.

70ల్లో పటాన్‌చెరులో పారిశ్రామిక వాడ పెట్టినప్పుడు భూమి చూశారు, బొంబాయి రోడ్డు చూశారు, హైదరాబాద్ ఎంత దూరమో చూశారు. నీళ్లు ఎటు పారతాయో చూడలేదు. ఇక్కడ చెరువులన్నీ గొలుసుకట్టువి. ఒకదాని మత్తడి దూకితే కింది చెరువు నిండుతుంది. ఆఖరుకు అన్నీ నక్కవాగులో, నక్కవాగు మంజీరలో కలుస్తాయి. ఎక్కడ ఏం వదిలినా అదే దారి.

పటాన్‌చెరులో క్లినిక్ నడిపిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు తన దగ్గరికొచ్చే రోగుల్ని చూసి ఈ కాలుష్యం సంగతి పట్టుకున్నారు. రైతుల్ని వెంటబెట్టుకుని 80ల్లోనే రోడ్డెక్కారు. 1990లో కేసు సుప్రీంకోర్టుకు ఎక్కింది. అక్కడి నుంచి హైకోర్టుకు, ఆ తర్వాత గ్రీన్ ట్రైబ్యునల్‌కు. తీర్పు 2017లో. ఇరవై ఏడేళ్లు. ఆ లోపు ఒక తరం రైతులు వాగు కింది పొలాలు అమ్ముకున్నారు.

1994లో ఫ్యాక్టరీల మురుగుకు ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. 2007లో స్వీడన్ పరిశోధకులు ఆ కేంద్రం వదిలే నీటిని పరీక్షించిన ఫలితాలు ప్రకటించారు. లీటరులో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్. రోజుకు పోయేది 45 కిలోల దాకా ఉంటుందని లెక్కగట్టారు. స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో వాడే మందు అది. మన జ్వరానికి పనిచేయాల్సిన మందును వాగులోని సూక్ష్మజీవులు ముందే రుచి చూసి తట్టుకోవడం నేర్చుకున్నాయి.

ఆ తర్వాత 18 కిలోమీటర్ల పైపు వేసి, శుద్ధి చేసిన నీటిని అంబర్‌పేట దారి పట్టించారు. అక్కడి నుంచి మూసీలోకి. నక్కవాగు ఊళ్లకు కొంత ఊరట దక్కింది, నిజమే. మూసీ కింది నల్లగొండ రైతును మాత్రం ఎవరూ అడగలేదు.

సెప్టెంబర్ 21. అమీన్‌పూర్

ఎంగిలిపూల బతుకమ్మ. మా వీధి ఆడవాళ్లు తంగేడు, గునుగు మార్కెట్లో కొన్నారు. పదేళ్ల కింద ఇక్కడి బీడు భూముల్లోనే పూసేవి. ఆ బీడంతా ఇప్పుడు కడీలు పాతిన ప్లాట్లు.

అమీన్‌పూర్ పెద్దచెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. నగర ప్రాంతంలో ఉన్న చెరువుకు ఈ గుర్తింపు దేశంలో అదే మొదలు. పది హెక్టార్లు దాటిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (నిండు నీటి మట్టం) నుంచి 30 మీటర్ల బఫర్ వదలాలని 2012 నాటి జీవో 168 చెబుతోంది. బఫర్ ఇల్లు కట్టకుండా ఆపుతుంది. పై కాలనీల మురుగును ఎవరాపాలి? బతుకమ్మను వదలడానికి శుభ్రమైన నీళ్లు ఎటువైపు ఉన్నాయో అడుగుతూ ఆడవాళ్లు కట్ట మీద నడుస్తున్నారు.

అక్టోబర్ 12

75 గజాల లోపు స్థలంలో ఇంటికి అనుమతి అక్కర్లేదు. రూపాయి కట్టి ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలు. పేదవాడికి మంచి పనే. డ్రైనేజీ లైను కూడా అంత తొందరగా వస్తే బాగుండు.

నవంబర్ 29

ఈ నెల ‘హిల్ట్’ విధానం వచ్చింది. ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) లోపలి, దాని పక్కనున్న పాత పారిశ్రామిక వాడల్లో దాదాపు 9,292 ఎకరాలు. ఫీజు కడితే ఆ భూముల్లో ఇళ్లు, ఆఫీసులు, బడులు కట్టుకోవచ్చు. పరిశ్రమలు ఓఆర్‌ఆర్ దాటి పోతాయి. పేపర్ల నిండా ఎకరం ధర మీదే గొడవ. ఎవరికి ఎంత లాభమో తేలాల్సిందే. నా భయం మట్టి గురించి.

నలభై యాభై ఏళ్లు రసాయనాలు దించిన, కడిగిన, ఒలికిన నేల అది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కాలుష్య సూచీలో 70 దాటితే తీవ్ర కాలుష్య ప్రాంతం. పటాన్‌చెరు-బొల్లారానికి 70.07. అమెరికాలో లవ్ కెనాల్ అనే చోట రసాయన వ్యర్థాలు పూడ్చిన స్థలాన్ని 1953లో ఒక్క డాలరుకు బడి కోసం ఇచ్చారు. పక్కన ఇళ్లు లేచాయి. 1978లో అత్యవసర పరిస్థితి ప్రకటించి జనాన్ని ఖాళీ చేయించారు. మనకు ఆ గతి పట్టక్కర్లేదు. కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్రం మొన్న జూలైలోనే నిబంధనలు తెచ్చింది. ముందు మట్టి పరీక్ష, ఆ తర్వాతే భూ వినియోగ మార్పు. ఈ ఒక్క షరతు హిల్ట్ జీవోలో రాయడానికి అడ్డేమిటి?

డిసెంబర్ 7

ఓఆర్‌ఆర్ అవతల అంటే ఎక్కడ? పాశమైలారం అవతలే ఉంది. అవతల కూడా ఊళ్లున్నాయి, చెరువులున్నాయి, వాటి మత్తళ్లున్నాయి. జోన్ గీత గీసేవాళ్లు మొదట వాగుల మ్యాపు పరిచి, దాని మీద గీత గీయాలి. 70ల్లో చేయని పని ఇదే, ఇప్పుడైనా చేయాలి.

ఇటు ఫ్లాటు కొనబోయే అన్నలకు, అక్కలకు ఒక మాట. బ్రోచర్‌లో స్విమ్మింగ్ పూల్ చూసే ముందు బిల్డర్‌ను మూడు కాగితాలు అడగండి: ఆ స్థలంలో ఇంతకుముందు ఏ ఫ్యాక్టరీ ఉండేదో చూపే రికార్డు, మట్టి పరీక్ష రిపోర్టు, బోరు నీళ్ల రిపోర్టు. ఇవ్వనంటే అడ్వాన్సు కట్టకండి.