ఖరగ్‌పూరులో కొత్తిమీర కాలం

ఖరగ్‌పూరు పేరు చెప్పగానే చాలామందికి స్ఫురించేది స్టేషను పొడవు. ఇక్కడి 1072 మీటర్ల ప్లాట్‌ఫారం, 2013లో గోరఖ్‌పూరు దానిని మించేవరకు, ప్రపంచంలో అతి పొడవైనదిగా ప్రసిద్ధి పొందింది. దానిపై నడచిపోతూంటే బంగ్లా, హిందీల నడుమ శ్రీకాకుళం యాస చెవినిబడుతుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ఎర్రనేలపై జంక్షనును, కార్ఖానాను నెలకొల్పిన పిమ్మట, వాల్తేరు దారిని వచ్చిన ఉత్తరాంధ్రులు అనేకులు ఇక్కడనే స్థిరపడ్డారు.

శీతకాలంలో గోల్‌బజారుకు వెళ్ళి చూడాలి! కట్టలు కట్టలుగా కొత్తిమీర. వేసవి ముదిరితే ఈ మొక్క ఆకు మాని పువ్వుకు వస్తుంది; కనుక కొనవలసినది ఇప్పుడే.

కొన్న ఆకు ఇరుగుపొరుగు ఇళ్ళలో రెండు దారులు పడుతుంది. బెంగాలీ గృహిణి దానిని పచ్చిమిరపకాయలతో సన్నికల్లుపై నూరి, ఆవనూనె చుక్క వేసి, వేడి అన్నంలోకి ఆ పూటే వడ్డిస్తుంది. ఆ పచ్చివాసన, ఆ రంగు మన నిల్వ పచ్చడికి రావని ఒప్పుకొనక తప్పదు. తెలుగు ఇల్లాలి దృష్టి వేరు. ఆమెకు వైశాఖంలోనూ అది కంచంలో ఉండాలి.

అందుకు మొదటి శత్రువు నీరు. కడిగిన ఆకును బట్టపై పరచి, నీడన తడి పూర్తిగా ఆరనివ్వాలి. తరువాత నూనెలో నీరు ఇగిరేవరకు మగ్గించాలి. 250 గ్రాముల ఆకుకు సుమారు 100 గ్రాముల చింతపండు, 60 గ్రాముల ఉప్పు, తగినన్ని ఎండుమిరపకాయలు చేర్చి, నీటిచుక్క తగలకుండా రోట్లో దంచాలి. పైన నువ్వులనూనెలో ఆవాలు, మెంతులు, ఇంగువల పోపు.

పైన నూనె తేలుతున్నది గదా అని నిశ్చింతగా ఉండరాదు. నూనె గాలిని ఆపుతుంది. కాని గాలి లేనిచోటనే పెరిగి విషం పుట్టించే సూక్ష్మజీవులు కొన్ని ఉన్నాయి. వాటిని అణచేది చింతపండు పులుపు, ఉప్పు. పులుపు తగ్గించినవారు, పచ్చి వెల్లుల్లి కలిపినవారు జాడీని ఫ్రిజ్‌లో ఉంచి త్వరగా వాడుకొనుట మంచిది. బూజు కనబడితే పైపొర తీసి తినడం పొదుపు కాదు, ప్రమాదం, మొత్తం పారవేయవలసినదే. ఒక ఏడు తడిచెంచా ముంచి నేనే ఒక జాడీ పోగొట్టుకున్నాను. ఆ వారమంతా పొరుగింటి బాటాతోనే అన్నం తిన్నాము.