మహారాజు అనిపించుకున్న రాణి

వరంగల్లు కోటలో నాలుగు కీర్తి తోరణాల నడుమ నిలబడితే రుద్రమదేవి గుర్తురాక మానదు. చిత్రమేమిటంటే, శాసనాలు చాలావరకు ఆవిడను 'రుద్రదేవ మహారాజు' అనే పిలుస్తాయి. మార్కో పోలో మహాశయుడైతే ఏకంగా రాజుగారి వితంతువనేశాడు. ఆవిడ గణపతిదేవుడి కూతురు! చరిత్రకారిణి సింథియా టాల్బట్ ఈ 'ఆడ రాజు' సంగతే పట్టుకుని 1995లో వ్యాసం ప్రచురించారు.

హైదరాబాదు విశ్వవిద్యాలయం 1998లో విదేశీ విద్యార్థుల కోసం ప్రత్యేకంగా ఒక చదువుల కార్యక్రమం ప్రారంభించింది. అలా మన దేశానికి వచ్చే పిల్లలకు సాంఘిక పరిశోధన, స్త్రీపురుష భేదాలు బోధించే ఆచార్యులు ఒక పూట పాఠం ఇక్కడ చెబితే బాగుండును. కోటలోపలే ఊరుంది, పొలాలున్నాయి. రాణిగారి కథ విన్నాక, పొలంపని చేసే అమ్మలను పలకరించి, పట్టా ఎవరి పేరనుందో అడిగి రాసుకు రమ్మనవచ్చు. అందుకు ముందుగా నాలుగు తెలుగు ముక్కలు నేర్చుకోవాలి సుమా!