కారును కట్టేసే మీట

పిల్లలూ! ఎద్దును ఆపటం వేరు, కట్టెయ్యటం వేరు. బండి నడిచేటప్పుడు పగ్గం బిగిస్తే ఎద్దు ఆగుతుంది. కాని పగ్గం వదిలేసి మనం భోజనానికి పోతే అది ఎవరి చేలోనో పడుతుంది. అందుకని పలుపుతో గుంజకు కట్టేస్తారు. కారు సంగతి కూడా ఇంతే. కాలికింద ఉండే బ్రేకు పగ్గంవంటిది. కారు దిగిపోయేటప్పుడు వేసే పార్కింగు బ్రేకు పలుపువంటిది. ఈ నెల మీకు ఆ పలుపును గురించి చెబుతాను.

మాది కృష్ణా డెల్టా. ఇక్కడి నేల అరచెయ్యిలాగా చదునుగా ఉంటుంది గదా, కార్లకు పలుపెందుకు అని మీరు అడగవచ్చు. విజయవాడలో ఇంద్రకీలాద్రి మీదికి ఎక్కే ఘాట్ రోడ్డు ఉండనే ఉన్నది. అదిగాక డెల్టాలో ఎటు చూసినా కాలువలే. కాలువలకు గట్లు, గట్ల మీద రోడ్లు. గట్టు ఎక్కాలన్నా దిగాలన్నా ఏటవాలే. మా తాతగారి కాలంలో బండి ఏటవాలులో ఆగితే చక్రం కింద రాయి పెట్టేవారు. ఆ రాయిని గుర్తుంచుకోండి, దానితో మనకు మళ్లీ పని ఉన్నది.

పాత పద్ధతి కార్లలో ముందు సీట్ల మధ్య పొడుగాటి పిడి ఒకటి ఉంటుంది. దాన్ని పైకి లాగితే కారు అడుగున ఉన్న ఉక్కుతీగ బిగుసుకుని వెనక చక్రాలను పట్టేస్తుంది. మన చేతి బలమే అక్కడిదాకా పోతుందన్నమాట. కొత్త కార్లలో చాలావాటికి ఆ పిడి లేదు. దాని బదులు వేలెడంత మీట ఉంటుంది. 2001లో జర్మనీనుంచి వచ్చిన బి.ఎం.డబ్ల్యు. 7 సిరీస్ కారు ఇటువంటి మీట ఉన్న మొదటి కార్లలో ఒకటి. అప్పుడది ధనవంతుల సొగసు. ఇప్పుడు మన వీధిలో తిరిగే చిన్న కార్లకు కూడా వచ్చింది.

మీట పైకి లాగితే కారు వెనకనుంచి "ఝుయ్" మని చప్పుడవుతుంది. వెనక చక్రాల దగ్గర, ఒక్కొక్కదానికి ఒక్కొక్క చిన్న మోటారు ఉన్నది. అది గిరగిరా తిరుగుతుంది. పళ్లచక్రాలు దాని వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచుతాయి. ఆ బలంతో ఒక మరసీల తిరిగి ముందుకు జరుగుతుంది. బ్రేకు దిమ్మలను తీసుకుపోయి, చక్రంతోపాటు తిరిగే ఇనప పళ్లేనికి అదిమేస్తుంది. ఇక చక్రం కదలదు.

"మరి కరెంటు పోతే బ్రేకు ఊడిపోదా?" అంటారేమో. ఊడిపోదు. కావలిస్తే ఒక బోల్టుకు నట్టు బిగించి, తిప్పకుండా లాగి చూడండి. ఎంత లాగినా రాదు. తిప్పితేనే వస్తుంది. మరసీల గుణం అది. అందుచేత మోటారు ఆగిపోయినా బిగిసిన బ్రేకు బిగిసే ఉంటుంది.

ఇంకొక ప్రశ్న. ఎంత బిగించాలో మోటారుకు ఎలా తెలుస్తుంది? మీ ఇంట్లో గ్రైండరులో పప్పు మరీ గట్టిగా ఉంటే అది మూలుగుతూ తిరుగుతుంది గదా! పని బరువైనకొద్దీ మోటారు ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. కారులో ఉండే చిన్న కంప్యూటరు పెట్టె ఆ కరెంటును కొలుస్తూ ఉంటుంది. దిమ్మలు బిగిసి కరెంటు తగినంత పెరగగానే, "ఇక చాలు" అని మోటారును ఆపేస్తుంది.

ఇంత చక్కని ఏర్పాటులో చిక్కెక్కడ? పిడికి మన చెయ్యి ఒక్కటీ ఉంటే చాలు. మీటకు బ్యాటరీ కావాలి, తీగలు కావాలి, కంప్యూటరు పెట్టె ఒప్పుకోవాలి. వీటిలో ఏ ఒక్కటి అలిగినా పని జరగదు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్, పాయకాపురం ప్రాంతాలను ముంచెత్తింది. ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజి దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పారింది. ఎన్నో వీధుల్లో కార్లు రోజులతరబడి నీళ్లలో ఉండిపోయాయి. మా అన్నయ్యది చిన్న కారు. దాని చక్రాలు సగందాకా మునిగాయి. నీరు సీట్లదాకా రాలేదు, ఇంజనుకేమీ కాలేదు. గండం గడిచిందనుకున్నాం.

నెల గడిచాక కారులో, అన్నయ్య ఎదుట ఉండే పలక మీద, ఒక పసుపు దీపం వెలగసాగింది. మంచు పడిన ఉదయాలు వెలిగేది, ఎండెక్కాక ఆరిపోయేది. ఒకచోట చూపిస్తే, ఆ సమయానికి దీపం లేదు గనక, "ఏమీ లేదు పొండి" అన్నారు.

కార్తీక మాసం వచ్చింది. బందరు కాలువ పక్క ఒక మామిడితోటలో వనభోజనాలు పెట్టుకున్నాం. గట్టు మీదినుంచి తోటలోకి దిగే దారి ఏటవాలుగా ఉన్నది. కింద పెద్దవాళ్లు పొయ్యి వెలిగిస్తున్నారు. పిల్లలు ఖోఖో ఆడుతున్నారు. అన్నయ్య కారును దారి మధ్యలో ఆపి మీట లాగాడు.

వెనక సీట్లో కూర్చున్న అన్నయ్య కూతురు, పదేళ్ల పిల్ల, "నాన్నా, ఇవాళ ఒకవైపే చప్పుడయింది!" అన్నది.

అన్నయ్య దీపం కేసి చూశాడు. పసుపు దీపం వెలుగుతున్నది. కాలిబ్రేకు మీదినుంచి కాలు తియ్యకుండానే, "ఒరే తమ్ముడూ, రాయి చూడరా!" అన్నాడు. నేను దిగి పరిగెత్తి, గట్టు పక్కనుంచి రెండు పెద్ద రాళ్లు తెచ్చి ముందు చక్రాలకు అడ్డం పెట్టాను. అది ఆటోమేటిక్ గేర్ల కారు. గేరును "పి" దగ్గర పెడితే లోపల ఒక ఉక్కు పన్ను గాడిలో పడి చక్రాలను ఆపుతుంది. ఆ పని కూడా చేసి అందరినీ దింపాడు. కింద పిల్లలను పక్కకు పంపించి, రాళ్లు తీసి, కాలిబ్రేకు మీద మెల్లిగా కారును చదును నేలకు చేర్చాడు. కాలిబ్రేకు నూనె ఒత్తిడితో పని చేస్తుంది గనక దానికి ఏ లోపమూ రాలేదు.

ఒక చక్రం బ్రేకూ, "పి" గేరూ కలిసి కారును బహుశా ఆపి ఉంచేవే. కాని కింద పిల్లలు ఆడుతుండగా "బహుశా"ను నమ్ముకోరాదు.

మర్నాడు కారును ఆటోనగర్ తీసుకుపోయాం. అక్కడి మేస్త్రీ ఒక చిన్న యంత్రాన్ని కారుకు తగిలించి, "కుడి వెనక చక్రం" అన్నాడు. ఆ తరవాత, "ఏ చక్రమో యంత్రం చెబుతుంది, ఎందుకో మనమే చూడాలి," అంటూ కారు కిందికి దూరాడు. మోటారుకు కరెంటు తెచ్చే తీగల ముడి విప్పి మాకు చూపించాడు. లోపల పచ్చగా చిలుము పట్టి ఉన్నది! తోమకుండా వదిలేసిన రాగిచెంబుకు పట్టేది అటువంటిదే. వరదనీరు ఆ ముడిలోకి చేరి, నెలలతరబడి లోహాన్ని తిన్నది. ఉదయం చెమ్మకు కరెంటు సరిగా పోయేది కాదు, ఎండకు ఆరితే పోయేది. దీపం వెలిగి ఆరటంలోని రహస్యం అదే. కొత్త ముడి వేయగానే రెండు మోటార్లూ పలికాయి.

అన్నిసార్లూ తప్పు చక్రం దగ్గరే ఉండదు. మా పక్కింటివారు నెల్లాళ్లు ఊరికి పోయి వచ్చేసరికి వారి కారు బ్యాటరీ చచ్చిపోయింది. కారు సందుకు అడ్డంగా ఉన్నది. పదిమంది కలిసి తోసినా కదలలేదు. మరసీలను వెనక్కు తిప్పటానికి కరెంటు లేదు గదా! ఇంకొక కారు బ్యాటరీనుంచి తీగలు కలిపితే ఒక్క క్షణంలో వదిలింది. అటువంటి కారును బలవంతంగా ఈడిస్తే టైర్లు అరిగిపోతాయి.

చాలా కార్లలో కాలిబ్రేకు తొక్కితే తప్ప మీట బ్రేకును వదలదు. తొక్కిన సంగతి కంప్యూటరు పెట్టెకు చెప్పేది పెడలు దగ్గర ఉండే చిన్న స్విచ్చి. అది చెడితే, మనం ఎంత తొక్కినా పెట్టెకు తెలియదు. చాలా కార్లలో వెనక ఎర్రదీపాలను వెలిగించేది కూడా అదే. కనక బ్రేకు వదలకపోతే ఒకరు పెడలు తొక్కి, ఇంకొకరు ప్రక్కన నిలబడి వెనక దీపాలు చూడాలి. వెలగకపోతే దొంగ అక్కడ ఉన్నాడేమో అనుమానించవచ్చు.

ఇదంతా విని, పాత పిడే మంచిదనకండి. ఆ ఉక్కుతీగ కూడా సాగుతుంది, తుప్పు పడుతుంది. పిడిని సగమే లాగి దిగిపోయేవాళ్లూ ఉంటారు. మీట సగం లాగటమనేది లేదు. పైగా తనకు ఒంట్లో బాగాలేకపోతే దీపం వెలిగించి చెబుతుంది. ఆ మాట వినటం మన పని.

పిల్లలూ, కారులో ఆ మీటతో మటుకు ఎన్నడూ ఆడుకోకండి. కారు ఏటవాలులో ఆగినప్పుడు దానికి ముందుగాని, వెనకగాని నిలబడకండి. ఈసారి కారు ఆగి మీట లాగినప్పుడు మాట్లాడకుండా చెవి పెట్టండి. చప్పుడు రెండు వైపులనుంచీ వచ్చిందా, ఒక వైపునుంచేనా? ఎప్పుడూ రెండు వినిపించే కారులో ఒకటే వినిపిస్తే, వెంటనే పెద్దవాళ్లకు చెప్పండి.