దొంగపిల్లవాని అప్పీలు

మా యింట దొంగ పడిన రాత్రి మేము మేల్కొనలేదు. తెల్లవారి చూడగా వంటయింటి కిటికీ రెక్క ఊడియుండెను. రెండు ఇత్తడి బిందెలును, వెండి కుంకుమభరిణయు, ఒక సెల్‌ఫోనును పోయినవి. నాలుగు దినములలో దొంగ దొరకెను. వాడు 19 ఏండ్ల పిల్లవాడు. తండ్రి పోయినపిమ్మట తాపీపనికి పోవుచుండినవాడు. అంతకుముందు ఏ కేసును లేనివాడు. సొత్తంతయు మా యిల్లు చేరెను. వాడు నేరమొప్పుకొనగా మేజిస్ట్రేటు 3 సంవత్సరముల కఠినశిక్ష విధించెను. ఆ వార్త విని మేము సంతోషించితిమి. దాచనేల?

పదునెనిమిదవనాడు వాని తల్లి మా వీధియరుగు కడ వచ్చి నిలిచెను. "అమ్మా, వాడు చేసింది తప్పే. మూడేండ్లు దొంగల నడుమ ఉండి వచ్చినోడు మళ్లీ తాపీ పడతాడా?" అని మాత్రమడిగెను. మేము బదులు చెప్పలేకపోతిమి.

తెలిసిన వకీలు నడుగగా మా యజ్ఞానము బయలుపడెను. నేరమొప్పుకొన్నవాడు తాను దోషిని కానని అప్పీలు చేయజాలడు గాని, శిక్ష మిక్కుటమనియో చట్టవిరుద్ధమనియో చేయవచ్చును. సెషన్సు కోర్టునకు పోవుటకు గడువు 30 దినములు. జైలులోనున్నవాడు జైలు అధికారిచేతికే అర్జీ నీయవచ్చును. 1987 నాటి న్యాయసేవల చట్టముచొప్పున రుసుము లేకయే వకీలును పొందవచ్చును. అన్నిటికంటె ముఖ్యమైనది 1958 నాటి ప్రొబేషను చట్టము. యావజ్జీవశిక్ష పడదగిన నేరములు తప్ప తక్కినవానిలో, 21 ఏండ్లు నిండనివానిని, ప్రొబేషను అధికారి నివేదికను తెప్పించి చూచి, విడుచుట తగదని తోచిననేగాని చెరకు పంపరాదని దాని 6వ సెక్షను చెప్పుచున్నది; పంపినచో కారణములు వ్రాయవలెను. మా కేసు తీర్పున నివేదికయు లేదు, కారణములును లేవు. అప్పీలు విను న్యాయస్థానము సైతము ఈ చట్టమును వర్తింపజేయవచ్చునని సుప్రీంకోర్టు 1964లోనే, పంజాబునుండి వచ్చిన ఒక 16 ఏండ్ల బాలుని వ్యవహారమున, నిర్ణయించియున్నది.

ఇరువదియైదవనాడు అర్జీ దాఖలయ్యెను. శిక్ష తగ్గించుట మాకు సమ్మతమేయని మేమును వ్రాసి యిచ్చితిమి. "దొంగకు వకాల్తా పుచ్చుకొంటిరా?" అని ఇరుగుపొరుగువారు నవ్విరి. సెషన్సు న్యాయాధిపతి నివేదికను తెప్పించి చూచి, పూచీతో ముచ్చలిక వ్రాయించుకొని, 2 సంవత్సరములు ప్రొబేషను అధికారి కనుసన్నల నుండునట్లు వానిని విడిచిరి.

వాని తప్పు చిన్నదని మేమనము. ఆ రాత్రినుండి మా పిల్లలు దీపమార్పి నిద్రింపరు. కిటికీకి ఇనుపచువ్వలు పెట్టించితిమి. సొత్తు పోయినవారికి కోపము సహజము. ఆ కోపమునకు కొలత చట్టము. కొలత తప్పినప్పుడు ఆ మాట నష్టపడిన యింటివారే ముందుగా చెప్పుట ధర్మమని మాకు తోచుచున్నది. ఆ తల్లి మా గుమ్మమునకు రాకున్నచో, ఆ 30 దినములును మేము సంతోషముతోనే గడిపియుందుము.