బొద్దింకలు, చెదలు, ఓట్స్

మా ఇంట్లో బొద్దింకల్ని డబ్బులిచ్చి కొంటున్నాం. కొని, క్యారట్ ముక్కలు వేసి మేపుతున్నాం కూడా. నవ్వేవాళ్ళు నవ్వుకోండి, మా ఆవిడ మాత్రం నవ్వలేదు.

సంగతేంటంటే, డాలస్‌లో మా అమ్మాయి దగ్గర మూణ్ణెల్ల బేర్డెడ్ డ్రాగన్ ఉంది. పేరుకే డ్రాగన్, అరచేతిలో పడుతుంది. పుట్టిల్లు ఆస్ట్రేలియా ఎడారి. మన కంచె మీద తల ఊపే తొండా, ఇదీ ఒకే కుటుంబం, అగామిడే. ఫోటో చూపిస్తే మా అమ్మ "ఏట్రా, తొండకి గడ్డమేటి?" అంది. అమ్మాయి దానికి పెప్పర్ అని పేరు పెట్టింది. నర్సీపట్నంలో అది మిరియం అయిపోయింది.

పెద్దయ్యాక ఎక్కువగా ఆకులే తింటుందిట గానీ, ఎదిగే వయసులో దానికి పురుగులు కావాలి. రోజుకి ముప్పై దాకా కీచురాళ్ళు లాగించేది. కీచురాళ్ళతో బాధ పడ్డవాళ్ళకే తెలుస్తుంది. డబ్బా మూత కాస్త తెరిస్తే సోఫా కింద నాలుగు. ఆన్-కాల్ పిలుపు లేని రాత్రి అవి పిలిచేవి. మూడో రోజుకి సగం చచ్చి కంపు. పైగా తినకుండా మిగిలినవి రాత్రి గాజుపెట్టెలో ఉండిపోతే తిరిగి బల్లినే కొరుకుతాయి. డూబియా బొద్దింకలకి ఈ గోల లేదు. అరవవు, గాజు మీద పాకలేవు, కండ ఎక్కువ. కాల్షియం పొడి అద్దడం మటుకు దేనికైనా తప్పదు, లేకపోతే ఎముకలు మెత్తబడిపోతాయి.

ఇంకేం, స్ప్రెడ్‌షీట్ వేశాను. గెలిచింది బొద్దింక. శనివారం రాత్రి కటోవర్, మిగిలిన కీచురాళ్ళు పెరట్లోకి. రోల్‌బ్యాక్ ప్లాన్ లేదు. ఆఫీసులో జూనియర్ ఎవడైనా ఇలా చేస్తే గంట క్లాసు పీకేవాణ్ణి. మర్నాడు నాన్న సంవత్సరీకానికి విమానమెక్కేశాను.

నర్సీపట్నంలో దిగిన మర్నాడు పొద్దున్న ఆరింటికి అమ్మాయి వీడియో కాల్. అక్కడ సాయంత్రం. ఏడుస్తోంది. మిరియం నాలుగు రోజులుగా ఏమీ తినలేదు. వంటింటి త్రాసు మీద 42 గ్రాములు ఉన్నది 38కి వచ్చింది. పెద్ద బల్లైతే వారం ఉపవాసమైనా తట్టుకుంటుంది, ఇంత పిల్ల తట్టుకోదు. డాక్టర్‌కి చూపించారు. వేడి సరిపోతోంది, జబ్బేమీ లేదు, తిండి మార్చారు కాబట్టి తినట్లేదు అన్నాడాయన. ఆ మార్చినవాడెవడో ఇంట్లో అందరికీ తెలుసు.

"డాడీ, పెరట్లో మిణుగురులు ఉన్నాయి, అవి పట్టి పెట్టనా?" అంది. నాకు గుండె ఆగినంత పనైంది. ఒక్క మిణుగురు చాలు, బేర్డెడ్ డ్రాగన్ ప్రాణం పోవడానికి. అంత విషం దాన్లో. వద్దని ఎంత గట్టిగా అరిచానంటే పక్కింటివాళ్ళు తొంగి చూశారు. పాపం, ఆకలితో ఉన్న ప్రాణికి ఏదో ఒకటి పెడదామనుకుంది అది.

అమ్మ అప్పుడు పెరట్లో కోడిపిల్లల దగ్గరుంది. ముందురోజు సాయంత్రం పాత కుండలో పేడా, ఎండుగడ్డీ తడిపి కూరి, పుట్ట పక్కన బోర్లించింది. పొద్దుటికల్లా దాన్నిండా చెదలు. కుండ తిరగేసి దులిపితే తొమ్మిది పిల్లలూ పడి ఏరుకుంటున్నాయి. ఫోన్‌లోకి చూసి అడిగింది.

"ఆ బొద్దింక కదల్దేటి?"

కదలదు. పైన ఏదైనా నీడ పడితే డూబియా బిగుసుకుపోతుంది, సందు దొరికితే దాక్కుంటుంది. కీచురాయి గెంతుతుంది. మిరియం పుట్టినప్పట్నించీ గెంతేదాన్నే తింది.

"కదల్నిది తిండని దానికెలా తెలుస్తాది? ఇవి చూడు, చచ్చిన చెదల్ని ముట్టుకోవు. నూకలు అలవాటు చెయ్యాలంటే నేను చెదల్లో కలిపి జల్లుతాను. తల్లికోడి ముక్కుతో తీసి, కొక్కొక్ అని, కింద పడేసి చూపిస్తాది. నీ తొండకి తల్లి లేదు కదా. నువ్వే చూపించాల."

మర్నాటి నుంచీ అదే పని. మా ఆవిడ మళ్ళీ పాతిక కీచురాళ్ళు కొనుక్కొచ్చింది. మూడు కీచురాళ్ళు తిని కాస్త ఊపు మీద ఉన్నప్పుడు అమ్మాయి చిన్న బొద్దింకని పటకారుతో పట్టి ఆడించేది. దాని రెండు కళ్ళ మధ్య దూరం కన్నా వెడల్పున్న పురుగు పెట్టకూడదు కాబట్టి, బాగా చిన్నవి ఏరి. రెండు రోజులు మొహం తిప్పుకుంది. మూడో రోజు గిన్నెలో వెల్లకిలా వేస్తే కాళ్ళు కొట్టుకున్నాయి. మిరియం తల పక్కకి వాల్చి చూసింది, చూసింది... టప్పున నాలుక. అమ్మాయి కేకకి ఇక్కడ కోళ్ళు బెదిరాయి.

ఇప్పటికీ సగం కీచురాళ్ళే. నిన్నటికి 41 గ్రాములు.

అసలు ఇది రాయడానికి కారణం వేరే ఉంది. ఆ సాయంత్రం గొప్పగా "భలే చెప్పావమ్మా" అన్నాను. అమ్మ నా వైపు చూడకుండానే, "నాకూ అలగే సేసేవు కదరా" అంది.

రెండేళ్ళ క్రితం అమ్మకి షుగర్ అని తెలియగానే నేను చేసింది కూడా కటోవరే. వరి బంద్ అన్నాను. డాలస్ నుంచే ఆర్డర్ పెట్టి నెలనెలా ఓట్స్ పంపించాను. ఫోన్‌లో రోజూ "తిన్నావా?", "తిన్నాను." చిన్నప్పుడు చోడి అంబలి తాగి పెరిగిన మనిషి. నాలుగు డబ్బులు వచ్చాక మూడు పూటలా వరన్నం తినడం ఆ తరానికి ఒక హోదా. ఏం తినగలవని ఒక్కసారి అడిగి ఉంటే చోడి పేరు తనే చెప్పేది. నేను అడగలేదు.

"మరి ఓట్స్ ఏం చేశావ్?"

"కోళ్ళకేసేను. అవీ తిన్లేదు."

అటక ఎక్కి చూశాను. పదిహేడు ప్యాకెట్లు, సీలు విప్పకుండా. దించుతుంటే కింద నుంచి అమ్మ, "దిగేటప్పుడు ఆ పాత కుండ కూడా తే, పొద్దు పోతంది" అంది.